టీ తాగి రండి

ఆ ఇంట్లో అందరికన్నా గట్టిగా మాట్లాడేది ఫ్రిజ్. పొద్దున్నే గుర్రుమని మొదలుపెట్టి, మధ్యాహ్నానికి గడగడలాడి, సాయంత్రానికి పళ్ళు కొరుకుతున్నట్టు ఒక చప్పుడు అందుకునేది. అత్తగారు దాని తలుపు మీద అరచేత్తో ఒక్కటిస్తే కాసేపు ఊరుకునేది. ఆ తర్వాత మళ్ళీ మామూలే.

"ఊళ్ళో ఉన్న మిషన్లన్నిటికీ వైద్యం చేస్తుంది మా కోడలు. ఇంట్లో దీనికి మాత్రం దిక్కులేదు," అనేది అత్తగారు, కోడలికి వినపడేటట్టుగానే.

"రేపు చూస్తానత్తయ్యా," అనేది కోడలు, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ. ఆ రేపు ఏడాదిగా రాలేదు.

కోడలు మెకానిక్. ఫ్రిజ్, ఏసీ, పాలు చల్లబరిచే ట్యాంకు, చల్లగా ఉంచే యంత్రం ఏదైనా సరే విప్పి, కడుపులో ఏముందో చూసి, మళ్ళీ బిగించగలదు. ఆ చేతిపనే ముగ్గురినీ దేశం దాటించింది. ఇక్కడ, కొండవాలు మీద ఈ చిన్న ఊరు. ఊరి చుట్టూ పశువుల కొట్టాలు. ప్రతి కొట్టంలోనూ పాలు నిలవ చేసే పెద్ద స్టీలు ట్యాంకు. ట్యాంకు చెడితే బాగుచేసే మనిషి మాత్రం లేడు. ఇలాంటి ఊళ్ళు ఖాళీ అయిపోతున్నాయని ఇక్కడి ప్రభుత్వం ఒక దారి తెరిచింది. పని తెలిసినవాళ్ళు వచ్చి ఏడాది పాటు పనిచేయాలి. ఏడాది చివర ఊరి కమిటీ కూర్చుని, "ఈ మనుషులు మాకు కావాలి" అనాలి. అంటే శాశ్వతంగా ఉండిపోవచ్చు. అనకపోతే పెట్టె సర్దుకోవాలి.

సర్దుకుని వెళ్దామన్నా వీళ్ళకు వెనక ఏమీ మిగల్లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు. భర్త తన సెలూను కుర్చీతో సహా తోటివాడికి అప్పగించేసి, కత్తెరల సంచి ఒక్కటి భుజాన వేసుకుని వచ్చాడు. "నాకేమిటి, జుట్టు ఏ దేశంలోనైనా పెరుగుతుంది," అన్నాడు. అత్తగారైతే, తనను వదిలేసి వెళ్తారేమోనని, ముందు తన టికెట్టు చూపిస్తే తప్ప సామాను కట్టనివ్వనని భీష్మించుకు కూర్చుంది. "వెళ్తే ముగ్గురం. వెళ్ళాక మళ్ళీ వెనక్కి రావడం లేదు," అని తేల్చి చెప్పింది మాత్రం కోడలే. ఆమె ఒకటి అనుకుందంటే అంతే. పట్టిన స్పానరైనా, పట్టిన పట్టైనా ఊడదు.

అంత పట్టుదల ఎందుకంటే, పాత ఊళ్ళో ఏ ఇంటి తలుపు తట్టినా తలుపు తీసినవాళ్ళు ఆమెను కాదు, ఆమె భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్ళు. "మెకానిక్ ఏడమ్మా?" అనేవాళ్ళు. నేనేనంటే మూతి అదోలా పెట్టి లోపలికి రానిచ్చేవాళ్ళు. ఇక్కడికి వచ్చిన మొదటి రోజే ఫోను మోగింది. "మెకానిక్ కావాలి" అన్నారెవరో. "నేనే" అంది. అవతలివాళ్ళు ఒక్క క్షణం కూడా ఆగకుండా "అయితే త్వరగా రా తల్లీ, పాలు పాడైపోతున్నాయి" అన్నారు. ఆమె ఫోను పెట్టేసి, పనిముట్ల పెట్టె అందుకుంటూ, ఇక ఈ ఊరే మా ఊరు అనుకుంది. ఆ సాయంత్రానికే ఊరు ఆమెకు మెకానికమ్మ అని పేరు పెట్టేసింది.

అయితే ఊరు కూడా అలాగే అనుకోవాలి కదా! అదే చిక్కు.

పాలసంఘం వెనక ఒక పొడుగాటి గదిని ఆమెకు వర్క్‌షాపుగా ఇచ్చారు. తాళం తీసి చూపించింది ప్రెసిడెంటమ్మ. ఆమె పాలసంఘానికీ, ఊరి కమిటీకీ కూడా పెద్ద. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, తన పశువుల వెనక తనే తిరిగే మనిషి. మాటలు లెక్కపెట్టుకుని వాడుతుంది. గది గోడకు మేకులు వరసగా ఉన్నాయి, మేకులకు నీలం రంగు పనికోట్లు వేలాడుతున్నాయి. ఒకటి లావుపాటి మనిషిది, ఒకటి సన్నటివాడిది, ఒకదాని జేబులో ఇంకా పెన్సిలు ముక్క ఉంది.

"నీకంటే ముందు వచ్చినవాళ్ళవి. ఏది సరిపోతే అది వేసుకో," అంది ప్రెసిడెంటమ్మ.

"వాళ్ళేమయ్యారండీ?"

"ఏమవుతారు? ఉండిపోవడానికి కాయితం చేతికొచ్చింది, పట్నం బస్సెక్కారు. ఒకతనైతే స్క్రూలు కూడా సగంలో వదిలేసి పోయాడు." వాన గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

మెకానికమ్మ ఆ కోట్లలో ఒక్కటి కూడా ముట్టుకోలేదు. తన పాత కోటే వేసుకుంది. నేను బస్సెక్కే రకం కాదని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు, పనితో చూపిస్తాననుకుంది. అక్కడే తప్పటడుగు వేసింది.

కొట్టాల్లో యంత్రాలు చూసి ఆమెకు తల తిరిగింది. ఏ ట్యాంకు చూసినా ఇనపతీగే. తీగతో కట్టిన మోటారు, తీగతో బిగించిన స్విచ్చు, తీగ చుట్టిన ఫ్యాను. మెకానిక్కులు వచ్చిపోతుంటే రైతులు ఏం చేస్తారు, తమకు తోచినట్టు కట్టుకున్నారు. అందులో ఆరితేరినవాడు తీగల తాత. ఊరి చివర కొట్టం ఆయనది. జేబులో ఎప్పుడూ ఒక తీగచుట్ట ఉంటుంది. తన కళ్ళజోడు కాడను కూడా తీగతోనే కట్టుకున్నాడు.

మెకానికమ్మ ఒక్కొక్క కొట్టంలోనూ తీగలు కోసి పారేసింది. సరైన భాగాలు వేసింది. స్విచ్చులన్నిటికీ స్టీలు పెట్టెలు బిగించి, పెట్టెలకు చిన్న తాళాలు వేసింది. తాళంచెవులు మాత్రం తన నడుముకు వేలాడదీసుకుంది. ఎవరూ చెయ్యి పెట్టి కరెంటు తగిలించుకోకూడదని ఆమె ఉద్దేశం. యంత్రాలు కూడా బుద్ధిగా నడిచాయి. పని అంటే ఇదీ అని లోలోపల మురిసిపోయింది కూడాను.

ఇంకొక అలవాటు ఉంది ఆమెకు. పని నేర్పిన మేస్త్రి దగ్గర అంటుకున్న అలవాటు. యంత్రం మూత విప్పేముందు ఆ మేస్త్రి ఇంటివాళ్ళ వైపు తిరిగి నవ్వుతూ, "మీరెళ్ళి టీ తాగి రండి" అనేవాడు. వాళ్ళు వెళ్ళకుండా తచ్చాడితే వాళ్ళకు వీపు పెట్టి, మోచేతులు రెండూ అడ్డంగా చాపి పనిచేసేవాడు. "మన చేతిలో ఏముందో చూశారంటే ఇక మన చెయ్యి వాళ్ళకక్కర్లేదమ్మాయ్. అన్నం పెట్టే విద్యను ఆరుబయట ఆరేసుకోకు," అనేవాడు. మంచివాడే పాపం. ఆడపిల్లకు పనెందుకని అందరూ నవ్వుతున్నా ఆయన నవ్వలేదు. కాబట్టి ఆయన మాట ఆమెకు వేదం. ఇక్కడ కూడా మూత విప్పేముందు అలవాటుగా నోట్లోంచి వచ్చేసేది: "మీరెళ్ళి టీ తాగి రండి."

వాళ్ళు వెళ్ళేవాళ్ళు. వచ్చేసరికి యంత్రం నడుస్తూ ఉండేది, మూత బిగించి ఉండేది, తాళం వేసి ఉండేది. దండం పెట్టినంత పని చేసేవాళ్ళు. ఆ వెళ్ళేవాళ్ళ ముఖాల్లో ఏముందో ఆమె చూడలేదు. వీపు పెట్టి పనిచేసేవాళ్ళకు ముఖాలెలా కనపడతాయి?

ఎండాకాలం ముదిరింది. ఏడాది నిండవస్తోంది. ఒక మధ్యాహ్నం ఆమె వాగు అవతలి కొట్టంలో ఒక మోటారు విప్పుకుని ఉంది. ఫోను మోగింది. తీగల తాత.

"అమ్మాయ్, నా ట్యాంకు ఆగిపోయింది. చప్పుడు లేదు. పాలు పొద్దుటివి."

"వస్తున్నా తాతగారూ. మీరు మాత్రం ఏమీ ముట్టుకోకండి."

ముట్టుకోకండి అన్నది. ఆ మాట తర్వాత ఎన్ని రాత్రులు ఆమెను పీక్కుతిన్నదో చెప్పలేం. విప్పిన మోటారు బిగించాలి, అటు చుట్టూ తిరిగే దారిన రావాలి, మధ్యలో పశువుల మంద అడ్డం. ఆమె చేరేసరికి పాల లారీ అతను ట్యాంకు మూత తీసి వాసన చూసి, తల అడ్డంగా ఊపి, ఖాళీ గొట్టం చుట్టుకుంటున్నాడు.

ఆమె పరుగున వెళ్ళి తాళం తీసింది. లోపల చూసింది. ఏమీ చెడలేదు. యంత్రం వెనక గాలి ఆడే రేకుల నిండా గడ్డిదుమ్ము పేరుకుని, ఊపిరాడక వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. దుమ్ము దులిపి ఎర్ర మీట ఒక్కసారి నొక్కితే చాలు. ఆమె దులిపి నొక్కింది. ట్యాంకు నిద్రలేచినట్టు గుర్రుమంది. ఆ మీట ఆమె తాళం వేసిన పెట్టెలో ఉంది.

తాత కేకలు వేయలేదు. చేతిలో సుత్తి ఉంది. దాన్ని చూసుకుంటూ అన్నాడు: "తాళం పగలగొడదామనుకున్నా. పెట్టె నువ్వు బిగించింది కదా, నీ సొమ్ము కదా అని ఊరుకున్నా." సుత్తి కింద పెట్టి, "నా తీగే ఉండుంటే ఎలాగో తిప్పుకునేవాణ్ణి," అన్నాడు.

ట్యాంకు అడుగున కుళాయి తిప్పాడు. పాలు తెల్లగా కాలవలోకి పోతుంటే ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. ఆమెకు సిగ్గుతో తల వాలిపోయింది. తాత ఆ పాల కోసం తెల్లవారకముందే లేచి ఉంటాడు.

మర్నాటికి ఊరంతా పాకింది. ఊళ్ళో ఏ మాట పుట్టినా మొదట చేరేది భర్త సెలూనుకే. ఇంటి ముందుగదిలో ఒక అద్దం, ఒక కుర్చీ. అంతే సెలూను. కుర్చీలో కూర్చున్నవాళ్ళు మెడ చుట్టూ గుడ్డ కట్టగానే, తమను ఎవరూ గుర్తుపట్టరన్నట్టు మనసులో ఉన్నదంతా కక్కేస్తారు. సాయంత్రం అతను కత్తెరలు తుడుచుకుంటూ భార్య దగ్గర నీళ్ళు నమిలాడు.

"చెప్పండి, ఏమంటున్నారు?"

"ఈ నెలాఖరుకు కమిటీ కూర్చుంటుందట. మనకు సరే అనకపోవచ్చంటున్నారు."

"పాలు పోయాయనా?"

"పాలు పోతే పోయాయి, అది ఎవరికైనా జరిగేదే అన్నారు. అది కాదు." అతను అద్దంలో చూస్తూ చెప్పాడు. "నువ్వు వాళ్ళకు వీపు చూపిస్తావట. టీ తాగి రమ్మని పంపేస్తావట. అన్నిటికీ తాళాలేసి చెవులు నడుముకు కట్టుకున్నావట. ముందు వచ్చినవాళ్ళు కనీసం తీగలైనా వదిలి వెళ్ళారు, ఈమె పోయిన రోజున మన కొట్టాలన్నీ తాళాలతో ఉంటాయి అంటున్నారు. నువ్వు పోతావనే వాళ్ళ లెక్క."

ఆమెకు ఒళ్ళు మండింది. "పోయేదాన్నే అయితే ఇంత కష్టపడి చేస్తానా? ఒక్క మిషనైనా తిరిగి చెడిందా?"

వంటింట్లోంచి ఫ్రిజ్ గడగడలాడింది. అత్తగారు ఒక్కటిచ్చింది.

"నాకు తెలియక అడుగుతానమ్మాయ్," అంది అత్తగారు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "దీనికేమయిందో ఒక్కసారి నాకు చూపించి ఉంటే ఏడాదిగా నేనే బాగుచేసుకునేదాన్ని కదే? అడిగినప్పుడల్లా రేపంటావు. నేనే చూస్తానంటే, మీకు తెలియదు, ముట్టుకోకండి అంటావు. ఇంట్లోదాన్ని, నాకే నువ్వు చూపించవు. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారు మరి?"

కోడలు ఫ్రిజ్ వైపు చూసింది. కోపం ఎటు పోయిందో పోయింది. ఆ రోజు అన్నం కూడా సరిగా సహించలేదు. ఎటు తిరిగినా గోడే. చూపించకపోతే, పోయే మనిషి అంటారు. చూపించి నేర్పిస్తే, ఇక మెకానిక్ ఎందుకంటారు. మేస్త్రి మాట చెవిలో మోగుతూనే ఉంది. పొద్దున లేచి నడుముకున్న తాళంచెవుల గుత్తి విప్పి జేబులో వేసుకుంది. తిన్నగా తీగల తాత కొట్టానికి నడిచింది.

తాత పాలు పితికి లేస్తున్నాడు. ఆమె పెట్టె తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇదెందుకు నాకు?"

"పారేయండి. ఇలా రండి తాతగారూ, మూత మీరు విప్పండి."

ఆయన కదల్లేదు. "పోయేముందు నేర్పి పోతున్నావా?" అన్నాడు.

"పోయేదాన్నైతే తాళం వేసే పోయేదాన్ని," అంది ఆమె కటువుగానే. "మీ పాలు నా వల్ల పోయాయి. అది నేను తిరిగి తేలేను. మళ్ళీ పోకుండా చూడగలను. వస్తారా, నన్ను ఇక్కడే నిలబెడతారా?"

తాత ఆమె ముఖంలోకి చూశాడు. స్టూలు లాక్కుని వచ్చి యంత్రం ముందు కూర్చున్నాడు. ఆమె పక్కన గొంతుక్కూర్చుంది. వీపు గోడకు పెట్టింది, ముఖం ఆయన వైపు. ముందు కరెంటు కట్టేయడం. తర్వాత రేకులు. తర్వాత మీట. మూత విప్పాలని ఆమె చేతులు వాటంతటవే ముందుకు వస్తుంటే ఒళ్ళో కట్టేసుకు కూర్చుంది. తాత వేళ్ళు లావు, స్క్రూ మూడుసార్లు జారి పడింది. ఆమె పళ్ళు బిగబట్టింది తప్ప అందుకోలేదు.

రేకుల మధ్య దుమ్ము ఆమె బ్రష్షుకు అందలేదు. తాత జేబులోంచి తీగ తీసి, చివర వంచి, దువ్వెనలా చేసి లోపలికి పోనిచ్చి లాగాడు. బెత్తెడు గడ్డి చుట్టుకుని వచ్చింది.

"ఇది బాగుంది. నాకూ ఒకటి చేసిపెట్టండి," అంది మెకానికమ్మ.

తాత అప్పుడు నవ్వాడు.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. ఒక్కొక్క కొట్టానికీ తనే వెళ్ళి తాళాలు ఊడదీసింది. పాలు పితకడం అయ్యాక ఇంటిల్లిపాదినీ యంత్రం ముందు కూర్చోబెట్టింది. "ఇవి చిన్న జలుబులు, ఇవి మీవి. లోపల గ్యాసు గొట్టం జోలికి మాత్రం వెళ్ళొద్దు, అది పెద్ద జబ్బు, దానికి నన్ను పిలవాలి," అని చెప్పింది. గడగడ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో చేత్తో తడిమి పట్టుకోవడం నేర్పింది. మోటారు కాళ్ళ కింద రబ్బరు బుడిపెలు ఎండి పగిలితే చప్పుడొస్తుందని, వాటిని మార్చడం వంట చేసినంత తేలికని చూపించింది. ప్రెసిడెంటమ్మ కొట్టంలో అయితే ప్రెసిడెంటమ్మ తానే బోర్లా పడుకుని, రబ్బరు బూట్లు బయటికి పెట్టి, తల లోపలికి దూర్చింది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. లేచి చేతులు దులుపుకుని, "ఇంతేనా?" అంది.

"ఇంతేనండీ."

"ఏడాది నుంచీ ఇంతేనా!" అని వెళ్ళిపోయింది. పొగిడిందో తిట్టిందో తెలియలేదు.

మొదట అందరికన్నా సంతోషించింది భర్తే. తర్వాత అందరికన్నా బెంగపడిందీ అతనే. ఎందుకంటే, ఫోను మోగడం తగ్గిపోయింది. ఒకప్పుడు అన్నం తింటుంటే మూడుసార్లు మోగే ఫోను, ఇప్పుడు బల్ల మీద బెల్లం కొట్టిన రాయిలా పడి ఉంటోంది.

"అందరికీ నేర్పేశావు సరే. ఇక నిన్నెందుకు ఉండమంటారే?" అన్నాడు.

"నాకూ భయంగానే ఉంది," అంది ఆమె. దాచుకోదలచుకోలేదు. "అయినా తాళాలు మళ్ళీ వేయను."

కమిటీ బడిలో కూర్చుంది. చిన్నపిల్లల కుర్చీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు కూర్చుని ఉంటే మామూలప్పుడైతే మెకానికమ్మకు నవ్వొచ్చేదే. ఇవాళ రాలేదు. మధ్యలో ప్రెసిడెంటమ్మ. పక్కన తీగల తాత. ఇటు కిరాణాకొట్టు ఆయన, బడి పంతులమ్మ. భర్త, అత్తగారు గోడవారగా నిలబడ్డారు. అత్తగారు పెళ్ళికి వచ్చినట్టు తయారై వచ్చింది.

కిరాణాకొట్టు ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా బావమరిది కూడా ట్యాంకు తనే బాగుచేసుకున్నాడమ్మా నిన్న. మంచిదే. ఇక అడుగుతున్నానని ఏమీ అనుకోకు. అందరూ నేర్చుకున్నాక నీకిక్కడ పనేముంది?"

ఆమె రాత్రంతా జవాబులు వల్లెవేసుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పని తగ్గింది. నిజమే," అంది. "పని కోసమే అయితే నేనెక్కడైనా బతకగలనండీ, పట్నంలో నా చేతికి తిండికి లోటు లేదు. నేను ఇక్కడ ఉండటానికొచ్చాను. మా అత్తయ్య మొదట్లో వీధి చివరిదాకా వెళ్ళడానికే భయపడేది, ఇప్పుడు చీకటి పడితే గానీ ఇంటికి రాదు. మా ఆయనకు మీ అందరి తలకాయలూ తెలుసు, లోపలా బయటా. గ్యాసు గొట్టం పగిలితే నేనున్నాను. కొత్త ట్యాంకు బిగించాలంటే నేనున్నాను. ఏమీ పగలకపోయినా ఉంటాను." ఊపిరి తీసుకుంది. "ఏడాదంతా మీకు వీపు పెట్టి పనిచేశాను. నాకు అలాగే నేర్పారు. అది తప్పని తాతగారి పాలు పోయాక గానీ తెలియలేదు. అడుక్కోవడానికి రాలేదండీ. ఉంటానని చెప్పడానికొచ్చాను. వద్దంటే మీ ఇష్టం. నేనై నేను మాత్రం బస్సెక్కను."

గోడవారనుంచి అత్తగారు "నేను అసలే ఎక్కను" అంది. పంతులమ్మ తల దించుకుని నవ్వు ఆపుకుంది.

ప్రెసిడెంటమ్మ లేచి, "మేము మాట్లాడుకోవాలి. రేపు చెబుతాం. వెళ్ళిరండి," అంది. ఆమె ముఖం చూసి ఏదైనా కనిపెట్టగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు.

మర్నాడు మెకానికమ్మకు పనేమీ లేదు. వర్క్‌షాపులో కూర్చుని తుడిచిన పనిముట్లే మళ్ళీ తుడిచింది. గోడ మీద నీలం కోట్లు చూస్తుంటే, తన కోటు కూడా ఒక మేకుకు వేలాడటం, రేపు ఎవరో కొత్త మనిషికి ప్రెసిడెంటమ్మ "ఏది సరిపోతే అది వేసుకో" అనడం కళ్ళ ముందు మెదిలింది. పోయినవాళ్ళ మీద మొదటిసారి కోపమొచ్చింది. వాళ్ళు ఎక్కిపోయిన బస్సుకు టికెట్టు డబ్బు ఇప్పుడు తను కట్టాల్సి వస్తోంది. ఎండ వాలకముందే ఇంటికి బయలుదేరింది.

వీధి గుమ్మంలో రబ్బరు బూట్లు ఉన్నాయి. పక్కన ఒక జత పాత చెప్పులు, పట్టీకి ఇనపతీగ చుట్టినవి.

ఆమె గబగబా లోపలికి వెళ్ళింది. వంటింట్లో ఫ్రిజ్‌ను గోడ దగ్గరనుంచి ముందుకు లాగి ఉంచారు. దాని వెనక ప్రెసిడెంటమ్మ చొక్కా చేతులు పైకి మడుచుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. తీగల తాత దువ్వెన చేసిన తీగ పట్టుకుని ఉన్నాడు. అత్తగారు టార్చిలైటు పట్టుకుని, ఆపరేషను గదిలో నర్సులా గంభీరంగా నిలబడింది. ప్లగ్గు తీసి గట్టు మీద పెట్టి ఉంది. అంటే ముందు కరెంటు కట్టేశారు. మెకానికమ్మ నేర్పినట్టే.

"ఏమిటండీ ఇదంతా? లేవండి, నేను చూస్తాను," అని ముందుకు వచ్చింది.

ప్రెసిడెంటమ్మ తల తిప్పి ఒక్కసారి చూసింది. మళ్ళీ అటు తిరిగి, ఆమెకు నిండుగా వీపు పెట్టి, మోచేతులు రెండూ వెడల్పుగా చాపింది.

"నువ్వెళ్ళి టీ తాగి రామ్మా," అంది.

తాత భుజాలు నవ్వుతో ఊగిపోతున్నాయి. అత్తగారి చేతిలో టార్చి గోడంతా తిరుగుతోంది. మెకానికమ్మ అక్కడే నిలబడిపోయింది.

"రబ్బరు బుడిపెలే," అంది ప్రెసిడెంటమ్మ యంత్రంతో మాట్లాడుతున్నట్టు. "నాలుగూ పగిలిపోయాయి. ఏడాదిగా ఇలాగే వదిలేశావటగా. సిగ్గు లేదూ?"

"ప్రెసిడెంటుగారూ, కమిటీ ఏమంది?"

"ఏమంటుంది? కిరాణాకొట్టు ఆయన మళ్ళీ అదే పాట. అవసరం తీరింది కదా అని." స్పానరు తిప్పుతూనే చెప్పింది. "మాకు అవసరం ఉందని ఇన్నాళ్ళూ ఎంతమందిని ఉంచుకున్నాం? ఒక్కడైనా మిగిలాడా అన్నాను. వాళ్ళు మా అవసరం చూసుకుని వచ్చారు, వాళ్ళ అవసరం తీరగానే పోయారు. ఇదొక్కతే తన అవసరం తనే చెరిపేసుకుని ఇంకా ఉంటానంటోంది. ఇలాంటి మొండిఘటాన్ని ఎలా పంపుతాం, పంపినా పోదు కూడానూ అన్నాను."

"నేను చెయ్యెత్తా, అందరికంటే ముందు," అన్నాడు తాత.

"ముందేమీ కాదు, పంతులమ్మ ముందు," అంది ప్రెసిడెంటమ్మ. "ఊరు సరేనంది. మీరు ముగ్గురూ ఇక్కడివాళ్ళే. రేపు వచ్చి ఆ గోడ మీద కోట్లన్నీ తీసి పాత గుడ్డల్లో వేసేయ్. ఇక వాటిని చూపించాల్సిన మనిషెవరూ రారు."

లేచి, అత్తగారికి సైగ చేసింది. అత్తగారు ప్లగ్గు పెట్టింది. ఫ్రిజ్ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. తర్వాత చప్పుడే లేదు. నలుగురూ చెవులు రిక్కించి విన్నారు. వంటిల్లు ఏడాదిలో మొదటిసారి అంత నిశ్శబ్దంగా ఉంది.

మెకానికమ్మ కళ్ళు తుడుచుకుని, గిన్నెలో నీళ్ళు పోసి, స్టవ్ మీద పెట్టింది. "టీ నేను పెడతాను. మీరెవరూ ఎక్కడికీ వెళ్ళకండి," అంది.

"చక్కెర ఎక్కువెయ్యి," అన్నాడు తాత, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "మెకానిక్కులం కదా, కష్టపడ్డాం."